చందమామ సిద్ధం

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ వేసవిలో మా ఇంట్లో నిప్పు లేకుండానే పొగ వచ్చింది. వారం వారం వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, పెద్దవాళ్ళం ముచ్చటపడ్డాం. ఆ పొగ మా చంటాడి కోసం వస్తోందని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకు ముందే తెలుసని ఇప్పుడంటే కోతలు కోసినట్టుంటుంది. నాకు వేసింది ఉత్త భయమే. నాకు భయం వెయ్యని రోజంటూ లేదు కాబట్టి ఇంట్లో దానికి పైసా విలువ లేదు.

నేను కీడెంచి మేలెంచే రకాన్ని. వాన పడితే కప్పు కారుతుందంటాను, ఎండ కాస్తే వడదెబ్బ అంటాను. "అమ్మా, నీ నోటినుంచి ఒక్క మంచి మాటైనా రాదా" అని మా అబ్బాయి విసుక్కుంటాడు. పెళ్ళైన కొత్తలో నా కోడలు నేనేమన్నా ఉలిక్కిపడేది. ఇప్పుడు గోడ గడియారం చప్పుడు ఎలా వినపడదో, నా మాటా అలాగే వినపడదు.

కానీ నాకు చెవులున్నాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకి డబ్బాలు తగిలించుకుని కూర్చున్నదాన్ని. మొహాలు నాకు గుర్తుండవు. మొన్న పెళ్ళిలో పలకరించినావిడ ఎవరో ఈవేళ తెలియదు. గొంతు మాత్రం ఒకసారి వింటే చాలు, పదేళ్ళకైనా పట్టుకుంటాను. "హలో" అనేలోపే మనిషి ఏడ్చి వచ్చాడో, అన్నం తిని వచ్చాడో చెప్పేదాన్ని.

ఆ వేసవి ముందు మా ఇల్లు ఇల్లులా లేదు. కోడలు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. ఆ బడి మూతపడింది. అప్పట్నించి అది గోడకేసి తిరిగి పడుకోవడమే పని. వంట చేస్తే ఉప్పుండదు, ఉప్పేస్తే రెండుసార్లు వేస్తుంది. నేను అలాంటివి పట్టుకుని సాధించే మనిషినే, అయినా ఆ ఉప్పు గురించి నోరెత్తలేదు. అంత దిగులు ఆ పిల్లది.

సెలవులు మొదలైన వారంలో ఒకరోజు పొద్దున్నే లేచి, జుట్టు ముడేసుకుని, "అత్తయ్యా, పిల్లలకి క్లాసులు పెడతాను" అంది.

"సెలవుల్లో పాఠాలెవరు చదువుతారే?"

"పాఠాలు కాదు, తినేవి. అంతరిక్షం తిండి. ఒక్కో వారం ఒక్కో గ్రహం. బిస్కెట్లు, పళ్ళు, రంగురంగుల పాలు, అన్నీ పిల్లల చేతే చేయిస్తా."

"చేసేది పిల్లలు, కడిగేది నేను. అంతేగా."

అది నవ్వింది. ఎన్ని నెలలకో నవ్వింది. నేను నోరు మూసుకున్నాను.

పిల్లలు ఎక్కువమంది రాలేదు. ఎదురింటి కవలలు, మందుల షాపాయన కూతురు, మా ఇద్దరూ. మా పెద్దదాన్ని అందరూ చిలకంటారు. ఎవరి గొంతైనా ఇట్టే దించేస్తుంది. నా గొంతుతో పాలవాడికి ఫోన్ చేసి రెండు ప్యాకెట్లు ఎక్కువ తెప్పించిన ఘనత దానిది. చిన్నవాడు చంటాడు. వాడికి ఐదేళ్ళు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్రపోతాడు. ముక్కు ఎప్పుడూ దిబ్బడే.

మొదటిరోజు చందమామ బిస్కెట్లు. పిండి గుండ్రంగా కోసి, సీసా మూతలతో నొక్కి గుంటలు పెట్టారు. తర్వాత వారం ద్రాక్షపండు చుట్టూ అనాసముక్క చక్రం పెట్టి, పుల్ల గుచ్చి శనిగ్రహమన్నారు. "నట్టింట్లో శనిని కూర్చోబెట్టి తింటున్నారు, బాగానే ఉంది" అన్నాను. మధ్యలో బెజ్జం పెట్టిన నల్ల కేకు ఒకటి చేశారు. దాని పేరు నల్లరంధ్రమట, దగ్గరికెళ్ళిన వెలుతుర్ని కూడా మింగేస్తుందట. చంటాడు ఆ బెజ్జంలో వేలు పెట్టి, తీసి, వేళ్ళు అన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

పొగ తెచ్చింది మా అబ్బాయి. వాడు ఐస్‌క్రీమ్ కంపెనీ ఫ్రీజర్ బండి నడుపుతాడు. ఫ్రీజర్ ఆగినా సరుకు కరగకుండా బండిలో వాడే డ్రై ఐసు తెల్లటి ఇటుకల్లా ఉంటుంది. మిగిలిన ముక్కలు ఒకరోజు థర్మాకోల్ పెట్టెలో పెట్టి పట్టుకొచ్చాడు. కోడలు పట్టకారుతో ఒక ముక్క తీసి నీలిరంగు షర్బత్ గిన్నెలో వేసింది. గిన్నె బుడబుడలాడింది. తెల్లటి పొగ పొంగి, అంచు దాటి, బల్లమీద పాకి కిందికి జారింది. పిల్లలు నోళ్ళు తెరిచేశారు.

నేను అన్ని పొగలూ పైకి పోవడం చూశాను. ఇది కిందికి పోయింది. చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కున్నాను.

"ఏంట్రా ఇది?"

"నీళ్ళ ఐసు కాదమ్మా. గాలిని గడ్డకట్టిస్తే వచ్చేది. మనం ఊపిరి బయటికి వదుల్తామే, ఆ గాలి. కరిగితే తడి కూడా ఉండదు, మళ్ళీ గాలైపోతుంది."

"మనం వద్దని వదిలేసిన గాలిని పనిగట్టుకుని ఇంటికి తెచ్చావా?"

"మొదలెట్టావా?" అని నవ్వి, పిల్లల వైపు తిరిగాడు. "చూడండి, రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. చేత్తో ముట్టుకోకూడదు, కాలినట్టు బొబ్బలెక్కుతాయి. పెట్టె మూత బిగించకూడదు, పేలుతుంది. అంతే."

ఆ రెండూ మా ఇంట్లో వేదవాక్కులైపోయాయి. గ్లాసులో ముక్క పూర్తిగా కరిగేదాకా కోడలు ఎవర్నీ తాగనిచ్చేది కాదు. చేతులకి గుడ్డ తొడుగులు లేనిదే పెట్టె దగ్గరికి పోనిచ్చేది కాదు. మూత ఎప్పుడూ ఓరగా ఉండేది, చంటాడు కూడా వెళ్ళి చూసొచ్చేవాడు. మూడో సంగతి ఒకటుందని మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మా అబ్బాయికీ తెలియదు. వాడి బండిలో ఆ పెట్టె వెనక ఫ్రీజర్లో ఉంటుంది, వాడు ముందు కూర్చుంటాడు.

రాకెట్ కావాలన్నది చిలక. వంటింటి పక్కన మాకు సామాన్ల గది ఒకటుంది. మెట్లు దిగి లోపలికెళ్ళాలి. కిటికీ లేదు, పైన చిన్న వెంటిలేటర్ ఉంటుంది. ఎండాకాలంలో ఇంటిమొత్తానికి అదే చల్లటి చోటు. అందులో పాత డబ్బాలన్నీ తీయించి, గోడలకి వంటింటి వెండికాగితం అంటించారు. లోపలికెళ్తే నా మొహమే నాకు పది ముక్కలుగా కనపడింది, నచ్చలేదు.

"అమ్మా, అంతరిక్షంలో గాలి ఉండదు కదా" అంది చిలక. "రాకెట్‌కి చిన్న సందున్నా మన గాలంతా బయటికి పోతుంది కదా."

"శభాష్" అంది కోడలు. బడిలో ఉన్నప్పటి వెలుగు దాని మొహంలోకి వచ్చింది. "అందుకే రాకెట్‌కి ఒక్క సందు కూడా ఉండకూడదు."

ఇక చూడండి సంబరం. సందు కనిపెట్టినవాళ్ళకి ఒక బిస్కెట్ ఎక్కువ. వెంటిలేటర్‌కి అట్టముక్క పెట్టి టేపు వేశారు. స్విచ్చుబోర్డు పక్క కన్నంలో పిండి ముద్ద కూరారు. కవలలు నేలమీద పడుకుని తలుపు కింది సందులోంచి వెలుతురు వస్తోందని పట్టుకున్నారు. ఆ ఆదివారం మా అబ్బాయి ఫ్రీజర్ తలుపుకి వేసే రబ్బరు పట్టీ తెచ్చి, సామాన్ల గది తలుపుకి చుట్టూ తనే బిగించాడు. "చీమ కూడా దూరదు" అన్నాడు, పట్టీమీద అరచెయ్యి రాస్తూ. పనితనం తెలిసిన చెయ్యి వాడిది, ఎక్కడా ముడత లేదు.

అందరూ తలో చెయ్యి వేశారని నేనూ ఊరుకోలేదు. తోటకి నీళ్ళుపోసే గొట్టం ముక్క కోసి, రెండు కొసలకీ నూనె పోసే గరాటాలు బిగించి, రాకెట్‌కీ హాలుకీ మధ్య ఫోన్ చేసిపెట్టాను. తలుపుకి కన్నం పెట్టి గొట్టం దూర్చి, చుట్టూ పిండి మెత్తాం. హాల్లో గరాటా దగ్గర నా కుర్చీ. రాకెట్ బయల్దేరే ముందు నేను ఒక్కొక్కర్నీ పిలవాలి, వాళ్ళు పలకాలి. అందరూ పలికితేనే లెక్క మొదలు.

"బుధుడు?"

"సిద్ధం."

"శుక్రుడు?"

"సిద్ధం."

"కుజుడు?" అంటే మందుల షాపాయన కూతురు. "సిద్ధమండీ" అనేది, పద్ధతైన పిల్ల.

"చందమామ?"

చందమామ గ్రహం కాదని ఎంత చెప్పినా చంటాడు వినలేదు, వాడికదే కావాలి. పిలిచాక కాసేపు ఏమీ వినపడదు. పక్కవాళ్ళెవరో పొడుస్తారు. అప్పుడు ముక్కు దిబ్బడ కదా, నోటితో ఒక్క గుక్క గాలి లాక్కుంటాడు. ఆ తర్వాత "చిద్దం" అంటాడు. ఆఖరికి కెప్టెన్ చిలక, "సూర్యుడు సిద్ధం, పోనివ్వండి" అనేది.

చిలక కెప్టెన్ కాబట్టి దానికి పైన అటక అర. కవలలకీ కుజుడికీ ఎత్తు బెంచీ. చంటాడిది ఇంజను పని. పెట్టె పక్కన చిన్న పీటమీద కూర్చుని, లెక్క సున్నాకి రాగానే చెంబుడు వేడినీళ్ళు పెట్టెలో పొయ్యాలి. పొగ గుప్పున లేస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, అందరూ పళ్ళేలు పట్టుకుని మెట్లెక్కి బయటికొస్తారు. అందరికంటే కింద వాడు. పోట్లాడి మరీ తెచ్చుకున్న పని అది.

ఒకసారి పిలుపుల్లో చందమామ వెంటనే పలికింది. నేను గరాటాలో, "చిలకా, దొరికిపోయావే" అన్నాను.

తలుపు తీసుకుని నవ్వుతూ వచ్చింది. "ఎలా కనిపెట్టావు నానమ్మా? అచ్చం వాడిలాగే అన్నాగా."

"మాట వచ్చింది, గుక్క రాలేదు. వాడు గాలి పీల్చకుండా మాట్లాడ్డే."

"సరే, ఈసారి అదీ నేర్చుకుంటా" అంది.

వేసవి ముదిరింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, అదే నాకు మింగుడుపడలేదు. ఒకరోజు కోడలు పిల్లలకి గారడీ చూపించింది. గ్లాసునిండా ఆ పొగ ముంచి, వెలుగుతున్న కొవ్వొత్తిమీద ఒంపింది. ఒంపితే నీళ్ళు పడలేదు, ఏమీ పడలేదు. మంట మాత్రం వంగి ఆరిపోయింది. పిల్లలు మళ్ళీ మళ్ళీ అని గోలచేస్తే మళ్ళీ మళ్ళీ ఆర్పింది.

మా పిల్లి ఏళ్ళతరబడి ఆ సామాన్ల గది నేలమీదే పడుకునేది. ఇప్పుడు గడపదాకా వచ్చి, మెట్లవైపు మెడ చాచి, వాసన చూసి, వెనక్కి వెళ్ళిపోతోంది. గది ఊడుస్తుంటే చీపురుకి బొద్దింకలు వెల్లకిలా తగిలాయి. చంటాడు రాకెట్ దిగిన సాయంత్రాలు తలనొప్పంటున్నాడు, తిండి వద్దంటున్నాడు, మరీ పెందలాడే పడిపోతున్నాడు.

"ఆ గదిలో ఏదో ఉందే" అన్నాను కోడలితో, గిన్నెలు తుడుస్తూ.

"ఏముందత్తయ్యా?"

ఏముందో నాకు మాటల్లో పెట్టడం రాలేదు. పిల్లి రావట్లేదన్నాను. వేడికి ఎక్కడో పడుకుంటోందంది. బొద్దింకలు చచ్చాయన్నాను. మందు కొట్టే పని తప్పిందంది. వాడికి తలనొప్పన్నాను. "ఎండలో ఆడుతున్నాడు కదత్తయ్యా" అంటూ నా చేతిలో గుడ్డ తీసుకుంది. దాని గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది, నాకదే బాధనిపించింది.

ఆ సాయంత్రం మా అబ్బాయి వరండాలో నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, చివరిరోజు తల్లిదండ్రులందర్నీ పిలుస్తోంది. కొత్త బడి పెడుతున్న హెడ్‌మిస్ట్రెస్ కూడా వస్తానంది. నచ్చితే ఉద్యోగం ఇస్తుంది. అది మళ్ళీ మనుషుల్లో పడింది, చూస్తున్నావుగా. ఈ నాలుగు రోజులూ దానికి అడ్డం చెప్పకు."

"నేనేమన్నానురా?"

"నువ్వేమీ అనవు. ఎప్పుడూ ఏదో జరుగుతుందంటావు, అంతే."

వాడన్నది నిజం. ఎప్పుడూ అంటాను. ఈసారి అననని మాటిచ్చాను.

చివరిరోజు వచ్చింది. అంతమందికీ పొగ గ్లాసులు ఇవ్వాలి కదా, మా అబ్బాయి పొద్దున్నే పెద్ద పెట్టె తెచ్చాడు, నిండా. మోసుకెళ్ళి సామాన్ల గదిలో, మెట్ల కింద నేలమీద పెట్టాడు. చెప్పిన ప్రకారం మూత ఓరగా వదిలాడు. లోపల చల్లదనం పోకుండా, బిస్కెట్లమీద పంచదార పూత కరక్కుండా తలుపు వేశాడు. రబ్బరు పట్టీ మెత్తగా పట్టుకుంది. పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా ఆ పెట్టె అక్కడ ఊరికే కరుగుతూ ఉంది.

హాలు నిండింది. ఎదురింటివాళ్ళు, మందుల షాపాయనా భార్యా, పిలవనివాళ్ళు కూడా కొందరు. హెడ్‌మిస్ట్రెస్ ముందు వరసలో కూర్చుని, శనిగ్రహాన్ని పుల్లతో పట్టుకుని ఎక్కణ్ణించి కొరకాలా అని చూస్తోంది. కోడలు వెండికాగితం నక్షత్రం జడలో పెట్టుకుంది. నిజం చెబితే ఏం, చక్కగా ఉంది.

"నేను ముందెళ్తా, పళ్ళేలకి కాపలా" అని చంటాడు చెంబు పట్టుకుని లోపలికి పోయాడు. వాడి వెనక తలుపు పడింది. మిగతావాళ్ళకి టోపీలు పెట్టి, వరసలో నిలబెట్టి, అందరికీ ఒకసారి చూపించి లోపలికి పంపేసరికి కాసేపు పట్టింది. ఎంతసేపంటే ఏం చెప్పను. టోపీ ఒకటి చిరిగితే అతికించినంతసేపు. తర్వాత లోపల తలుపుకి టేపు లాగుతున్న చప్పుడు వినపడింది. అది వాళ్ళ నియమం, టేపు వెయ్యనిదే రాకెట్ కదలదు.

నేను గరాటా పట్టుకున్నాను. అందరికీ వినపడాలని కోడలు దాన్ని పెద్దది పెట్టించింది.

"బుధుడు?"

"సిద్ధం."

"శుక్రుడు?"

"సిద్ధం." గొంతు కాస్త నీరసంగా ఉంది. ఉక్క అనుకున్నాను.

"కుజుడు?"

"సిద్ధమండీ."

"చందమామ?"

"చిద్దం."

ముందు వరసలో ఎవరో "అబ్బ, ఎంత ముద్దుగా అన్నాడో" అన్నారు. కోడలు నవ్వుతూ పది వేళ్ళూ పైకెత్తింది, లెక్క మొదలెట్టడానికి.

నేను గరాటా చెవికి అదిమాను. మాట వచ్చింది. గుక్క రాలేదు.

"చందమామా?" అన్నాను మళ్ళీ.

గొట్టంలో ఏమీ లేదు. ఎవరో తడబడుతూ కదిలిన చప్పుడు. తర్వాత మళ్ళీ "చిద్దం" అని, ఈసారి కొస తేలిపోతూ. అది చిలక గొంతు. చిలక గొంతే కానీ నిద్రలో మాట్లాడుతున్నట్టుంది.

గరాటా వదిలేసి లేచాను.

"అత్తయ్యా, ఇంకా లెక్క పెట్టలేదు" అంది కోడలు పళ్ళ బిగువున, నవ్వు చెదరకుండా.

"తలుపు తియ్యి."

"అత్తయ్యా, ఈ ఒక్కరోజు."

"అమ్మా, పక్కకి జరుగు, ఫోన్లో వీడియో తీస్తుంటే అడ్డం పడుతున్నావు" అన్నాడు మా అబ్బాయి వెనకనుంచి.

ఇచ్చిన మాట నాకు గుర్తుంది. వెళ్ళి గడియ పట్టుకుని లాగాను. రాలేదు. రబ్బరూ టేపూ కలిసి పట్టుకున్నాయి. నా వయసు చేతులకి ఏం బలం. వెనక్కి తిరిగి, ఎక్స్ఛేంజిలో లైన్లు తెగినప్పుడు మాట్లాడే గొంతుతో, "తలుపు తియ్యరా" అన్నాను. వాడు ఆ గొంతు చిన్నప్పుడెప్పుడో ఒకటి రెండుసార్లు విన్నాడు. ఫోన్ కింద పడేసి వచ్చి, గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు.

తలుపు ఊడొచ్చినట్టు వచ్చింది. లాగిన ఊపుకి మెట్లమీదినుంచి తెల్లటి పొగ పల్చగా, నేలని అంటిపెట్టుకుని, మా పాదాలమీదుగా హాల్లోకి పాకింది. జనం చప్పట్లు కొట్టారు.

లోపల టార్చిలైటు అటకమీదినుంచి వేలాడుతోంది. చిలక అర అంచు పట్టుకుని, "నానమ్మా, తల తిరుగుతోంది" అంది. కవలలిద్దరూ బెంచీమీద ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఉన్నారు, కుజుడు గోడకి చేరబడింది. కింద, పీటమీద, చంటాడు పెట్టెకి చెంప ఆనించి ఉన్నాడు. చెంబు ఒళ్ళో ఉంది. నీళ్ళు ఒక్క చుక్క ఒలకలేదు.

మా అబ్బాయి వాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కాడు. మందుల షాపాయన ముందు తన కూతుర్నీ కవలల్నీ లాగాడు. నేను చిలకని దింపాను. చప్పట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. వెనక వరసలో ఒకాయన అర్థంకాక ఇంకాసేపు కొట్టాడు.

చంటాణ్ణి పెరట్లో గచ్చుమీద పడుకోబెట్టారు. పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. మందుల షాపాయన మోకాళ్ళమీద కూర్చుని, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాడు. మళ్ళీ ఊదాడు. కోడలు జడలో నక్షత్రంతో అలాగే నిలబడిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. చూడ్డం నాకు చాతకాదు, వినడమే వచ్చు. పక్కింట్లో నీళ్ళమోటారు చప్పుడు, ఎవరిదో ఏడుపు, అవన్నీ తోసేసి ఒక్కటి కోసం విన్నాను.

వచ్చింది. ముక్కు దిబ్బడతో, నోటితో, ఒక్క గుక్క.

అప్పుడు కళ్ళు తెరిచాను.

ఆసుపత్రిలో డాక్టరు మా అబ్బాయికి మూడో సంగతి చెప్పాడు. ఆ గాలి బరువు, కిందికి దిగి మడుగు కడుతుంది. మూసిన గదిలో నీళ్ళు నిండినట్టు నిండుతుంది. పైన కూర్చున్నవాళ్ళకి తలనొప్పితో పోయింది. "ఇంకాసేపైతే" అని ఆగాడు. ఆ ఇంకాసేపు ఏమిటో వాడు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. వచ్చి మరలు విప్పి, సామాన్ల గది తలుపు ఊడదీసి, రబ్బరు పట్టీతో సహా పెరటి గోడకి ఆనించాడు. తర్వాత దాన్ని ముక్కలు చేశాడు. గొడ్డలి దించాల్సిన దానికంటే చాలాసేపు దించాడు.

హెడ్‌మిస్ట్రెస్ మళ్ళీ కనపడలేదు. కోడలు గోడకేసి తిరిగి పడుకోలేదు, అదొక్కటీ మేలు. పడుకోవడమే మానేసింది. ఏ గదిలో ఉన్నా "చంటీ" అని పిలుస్తుంది. "ఆఁ" అంటాడు. కూర తరుగుతూ "చంటీ". "ఆఁ". వాడు విసుక్కోడు, అదే నయం.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ అది ఒకే మాట చెప్పేది. "సిద్ధం అన్నాడండీ. ఒకసారి కాదు, రెండుసార్లు అన్నాడు, నా చెవులతో విన్నా. అప్పటిదాకా బాగానే ఉన్నాడు. అని, అప్పుడే కళ్ళు తేలేశాడు. వెంటనే తలుపు తీశాం." అంటూ నావైపు చూసేది. "అంతేగా అత్తయ్యా?"

"అంతేనమ్మా" అనేదాన్ని.

ఆ మాట పట్టుకునే అది నిలబడి ఉంది. మిగతావాళ్ళకి టోపీలు సర్దుతున్నప్పుడే, తను అందరితో కలిసి నవ్వుతున్నప్పుడే, తలుపవతల వాడు పెట్టెమీదికి ఒరిగిపోయాడని తెలిస్తే ఆ మనిషి ఏమైపోతుందో నేను ఊహించగలను. కీడు ఊహించడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

చిలకకి తెలుసు. టార్చి వెలుతుర్లో తమ్ముణ్ణి చూసింది, రోజూ పడుకున్నట్టే పడుకున్నాడనుకుంది. అమ్మ ఆట చెడకూడదని వాడి బదులు పలికింది. పదేళ్ళ పిల్ల, తల్లి మొహంలో నవ్వు నిలబెట్టాలనుకుంది. నేనైనా అంతేగా చేశాను ఆ వేసవంతా. అది నాకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్నించి ఎవరి గొంతూ దించలేదు. పాలవాడు కూడా అడిగాడు, పెద్దమ్మగారి ఫోన్ రావట్లేదేంటని. ఒక్కోసారి దాన్ని చూసి చూపు తిప్పుకుంటాను. దానిమీద కోపంతో కాదు. ఆ గుక్క కూడా నేర్చుకుంటానంది కదా. నేర్చుకుని ఉంటే నేను కుర్చీలోంచి లేచేదాన్ని కాదు.

వానలు మొదలైన రోజు పిల్లలిద్దరూ నేనూ వంటింట్లో కూర్చున్నాం. రేపు బడి తెరుస్తారు. డబ్బా అడుగున చందమామ బిస్కెట్లు నాలుగు మిగిలాయి, మెత్తబడ్డాయి. పారెయ్యబుద్ధికాక పాలతో ఇచ్చాను. కోడలు హాల్లో బట్టలు మడతపెడుతోంది. తలుపులేని సామాన్ల గదిలో, మెట్ల కింద, పిల్లి పడుకుని ఉంది.

చంటాడు బిస్కెట్‌ని పాలల్లో ముంచి, గుంటలోకి పాలు నిండేదాకా చూశాడు. ముక్కు దిబ్బడగానే ఉంది.

"నానమ్మా."

"ఊఁ."

"ఆరోజు నేను చిద్దం అన్నానంట. అమ్మ అందరికీ చెప్తోంది." ఒక గుక్క గాలి లాక్కున్నాడు. "నాకు గుర్తులేదు. నేను అన్నానా?"

చిలక గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. గ్లాసు అంచుమీదినుంచి నన్నే చూస్తోంది. హాల్లో బట్టల చప్పుడు కూడా ఆగింది.

"అన్నావు నాన్నా" అన్నాను. "గట్టిగా అన్నావు. నేనే విన్నాను."

వాడు తలూపి, బిస్కెట్ తినేశాడు. హాల్లో మళ్ళీ బట్టలు దులుపుతున్న చప్పుడు మొదలైంది. చిలక గ్లాసు దించి, ఎన్నాళ్ళనుంచో లోపల పట్టుకున్న ఊపిరి వదిలింది. ఆ చప్పుడు నాకొక్కదానికే వినపడింది.